ఇంటివాని సంతకము

"నా డబ్బు, నా జాగా, నా యిల్లు. నడుమ మీ కాగితమేంది?" అని మా పంచాయతీ కార్యాలయపు వసారాలో ఒక పెద్దమనిషి అడుగుచుండగా నేను ప్రక్కనే యుంటిని. ఆయన అడిగినది కార్యదర్శినే యైనను ప్రశ్న నాకు తగిలినది. ఏలయన నేనును ఈ ములకలపల్లిలో ఇల్లు కట్టుకొన్నవాడనే. కట్టుకొన్ననాడు ఇదే మాట నేనును అనుకొంటిని, పైకి అనలేదు గాని.

ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. మనుష్యుడు తన కష్టార్జితముతో తన తలపై నీడ కల్పించుకొనుటకు ఇంకొకని సెలవు పొందవలెనా? పక్షి తన గూటి కెవరి యనుజ్ఞ కోరుచున్నది? నిజమే. కాని పక్షిగూడు గాలికి రాలినచో క్రిందనున్నవాని తల పగులదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ యధికరణములో గృహవాస్తువును గూర్చిన యధ్యాయము కలదు. అందు ముఖ్యముగా విచారింపబడినవి పొరుగువాని గోడకు విడువవలసిన యెడము, చూరునీరు పోవు దారి, మురుగుకాలువ మొదలగునవి. ఇరుగుపొరుగువారు తమలో తాము సమాధానపడినచో ఇష్టము వచ్చినట్లు కట్టుకొనవచ్చుననియు అందే యున్నది. ఇంటిని గూర్చిన శాసనము పొరుగువాని కొఱకు పుట్టినదని దీనివలన నాకు తోచుచున్నది.

పొరుగువాడనగా ప్రక్కగోడవాడు మాత్రమే కాదని గాలి మనకు నేర్పినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి మించి మరణించిరని చెప్పుదురు. అటుపిమ్మటనే తీరము పొడవునను తుపాను ఆశ్రయములు వెలసినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపై పడినప్పుడు విమానాశ్రయపు కప్పే చిందరవందర యయ్యెను. ఆ గాలివేగము గంటకు ఇంచుమించు 180 కిలోమీటర్లు. భారతీయ ప్రమాణముల సంస్థ గాలి యొత్తిడిని గూర్చి వ్రాసిన ప్రమాణములో విశాఖపట్టణమునకు చూపిన మూలవేగము సెకనుకు 50 మీటర్లు. లెక్కవేసినచో అదియు గంటకు 180 కిలోమీటర్లే! తక్కువ యెత్తుగల ఇండ్లు తుపానును తట్టుకొనుటకు 2004లో ఆ సంస్థయే వేరుగా మార్గదర్శకములను ప్రకటించినది. చదివిన ఇంటివారెందరో నేనెఱుగను. నేను మాత్రము ఇల్లు కట్టిన తరువాత చదివితిని.

సముద్రమునకు మేము దూరము. 2023 డిసెంబరు 5న బాపట్ల యొద్ద తీరము దాటిన మిచాంగ్ తుపాను మాకు వానగానే వచ్చినది. కాని మామిడికాయలు రాలు దినములలో అడవివైపు నుండి లేచు గాలివాన మాకు ఏటేట తుపానే. గాలి కప్పును నెట్టునని మన మనుకొందుము. అది నెట్టుట కంటె పైకి పీల్చుట యెక్కువ. అంచులయందును మూలలయందును ఆ పీల్పు మఱింత. అందుచేత రేకులపై రాళ్లు పెట్టినంత మాత్రమున చాలదు. రేకును పైపుకు, పైపును గోడకు, గోడను పునాదికి కట్టివేయవలెను. ఈ కట్లలో ఒక్కటి లేకున్నను తక్కినవి వ్యర్థము. వీనిలో పెక్కు ఇల్లు పూర్తియైన పిమ్మట కంటికి కనబడనే కనబడవు.

ఇక నా కథ. పదునొకండేండ్ల క్రిందట నా యింటి పని పట్టిన గుత్తేదారు చెడ్డవాడు కాడు. "లింటెలు పట్టీ దేనికి సారూ? ప్లాస్టరింగు అయినంక ఎవరికి కనపడతది? ఆ డబ్బుతో ముందర మెట్లకు గ్రానైటు వేద్దాం" అనెను. నేను ఒప్పుకొంటిని. వసారాలో రేకుకు ఎనిమిది హుక్కులు బిగింపవలసిన చోట నాలుగు చాలుననెను. దానికిని ఒప్పుకొంటిని. పంచాయతీలో దాఖలైన నక్షాలో ఆ పట్టీ కలదు, గోడలో లేదు. నక్షా క్రింది సంతకము నాది.

మూడవ వేసవిలో ఒక సాయంకాలము గాలి లేచినది. నా వసారా రేకొకటి కంచె దాటి పొరుగున నున్న కోయరైతు పెరటిలో పడెను. ఆతని కుమారుడు, నా బడిలో ఆఱవ తరగతి చదువువాడు, అప్పుడు మేకలను కట్టివేయుచుండెను. వాని భుజమునకు పదునాలుగు కుట్లు పడినవి. ఖర్చు నేను పెట్టుకొంటిని. ఆసుపత్రి వసారాలో ఆ తండ్రి నన్నే యోదార్చెను. "గాలిని ఎవరాపుతరు సారూ, మీరేం చేస్తరు?" అనెను.

నేను తల యూపితిని. నోరు విప్పకయే ఆడిన అబద్ధ మది.

కౌటిల్యుడే మఱియొకచోట విపత్తులను దైవములనియు మానుషములనియు విభజించెను. గాలి దైవికమే. నాలుగు హుక్కులు మానుషము. ఆపద వచ్చినపుడు మానుషమును దైవికపు పద్దులో వ్రాసికొనుట మనకు మిక్కిలి యలవాటు. పేదవాడు ఆ పద్దును నమ్మును, చదువుకొన్నవాడు దానిని వాడుకొనును.

ఈ భారమెవరిది? ప్రాచీన బాబిలోను రాజు హమ్మురాబి శాసనమున ఇల్లు కూలి యజమానుడు చచ్చినచో కట్టినవానికి మరణదండన. యజమానుని కుమారుడు చచ్చినచో కట్టినవాని కుమారునికి! ఆ పసివాడు చేసిన నేరమేమి? అంతకంటె నాకు వింతగా తోచునది వేఱొకటి కలదు. పట్టీ మానుకొమ్మన్న యజమానుని ఆ శాసనము ప్రశ్నింపనే లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1992లో ఆండ్రూ తుపానునకు వేలకొలది ఇండ్లు నాశనము కాగా పరీక్షించి చూచినవారికి, నియమములున్నను కప్పుపలకలకు మేకులు సరిగా పడలేదని తెలిసినది. 2002 నుండి ఆ రాష్ట్రమంతటికి ఒకే నిర్మాణనియమావళి అమలులోనికి వచ్చినది. అక్కడ గుత్తేదారునకు లైసెన్సుండవలెను. యజమాని తన యిల్లు తానే కట్టించుకొనవచ్చును గాని, బాధ్యత తనదే యని సంతకము చేయవలెను, ఏడాదిలోపల దానిని అమ్మరాదు, అద్దె కియ్యరాదు. అమ్మరాదనుటలోని తెలివిని చూడుడు. తన నెత్తిన పడు కప్పును ఎవ్వడును పలుచగా వేయడు గదా! నేను వేసితిని, అది వేఱు.

మన చట్టములును ఇటీవల సంతకము మీదనే నిలిచినవి. పల్లెలో చిన్న యింటికి 2018 పంచాయతీరాజ్ చట్టము క్రింద గ్రామపంచాయతీయే అనుమతి నిచ్చును. తెలంగాణ పట్టణములకై 2020లో వచ్చిన చట్టము 75 గజముల లోపు స్థలమున కట్టుకొను చిన్న యింటికి అనుమతియే యక్కఱలేదనినది. ఒక్క రూపాయితో నమోదు చాలును. 600 గజముల వఱకు యజమాని స్వీయధ్రువీకరణమును నమ్మి వెంటనే అనుమతి నిచ్చుటకు ఏర్పాటు చేసినది. ప్రభుత్వము మన మాటను నమ్మినది. నా వంటి వారిని నమ్మినది!

అనుమతి యనగా లంచమునకు దారి యని కొందఱందురు. లంచము లేదని నేననను. కాని లంచమును నిందించుచు దానిచాటున హుక్కులు తగ్గించువాడు లంచగొండికి శత్రువెట్లగును? మా పొరుగుననే భద్రాచలములో 2025 మార్చి 26న కట్టుచున్న ఆఱంతస్తుల భవనము కూలి కూలివాండ్రు మరణించిరి. అనుమతి లేని కట్టడమని పత్రికలు వ్రాసినవి. ఆ మరణించినవారు దాని యజమానులు కారు, అందు కాపురముండబోవువారును కారు.

ఇక పేదవాని మాట. వానిని కాగితములతో వేధించుట అన్యాయమే. ఇందిరమ్మ ఇండ్ల పథకము 2024 మార్చి 11న భద్రాచలముననే ప్రారంభమైనది. స్థలముగలవానికి ఐదు లక్షల రూపాయలు, పని నడచిన కొలది విడతలుగా నిత్తురు. పునాది లేచిన తరువాత చిత్రము తీయుదురు, స్లాబు పడిన తరువాత చిత్రము తీయుదురు. కాంక్రీటు లోపలి చువ్వలను ఆ చిత్రము చూడజాలదు. ఆ పని చూడవలసినవాడు మేస్త్రీ. మన పల్లె మేస్త్రీకి బడి లేదు, పట్టము లేదు. పరీక్ష పెట్టునది గాలివానయే. ఒక్క దినము వారినందఱను కూర్చుండబెట్టి ఎన్ని హుక్కులో, ఎక్కడ బిగింపవలెనో చూపినచో అది పది నోటీసులకంటె మేలు చేయును.

ఆ కోయరైతుకును ఈ పథకమున ఇల్లు మంజూరైనది. స్లాబు వేయుటకు ముందునాడు నన్ను చూచిపొమ్మనెను. కొలబద్ద రెండవ కొనను పట్టుకొన్నవాడు ఆనాటి కుఱ్ఱవాడే. ఇప్పుడు వానికి పందొమ్మిదేండ్లు. దూలములోని రింగులకు నడుమ ఒకచోట ఆఱంగుళములు, ఇంకొకచోట తొమ్మిది. మేస్త్రీ విసుగుకొనెను.

"మీ ఇంటికి గూడ ఇట్లనే కొలిచిన్రా సారూ?" అనెను.

కొలువలేదని చెప్పితిని. పట్టీ సంగతి, హుక్కుల సంగతి, ఆనాటి రేకు సంగతి ఆ తండ్రి యెదుటనే చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అప్పుడే చెప్పి ఉంటే బాగుండు సారూ" అని మాత్రమనెను. రింగులు విప్పి మరల కట్టిరి.

నా వసారా రేకులకు ఇప్పుడు ఎనిమిదేసి హుక్కులున్నవి. లింటెలు పట్టీ మాత్రము లేదు. 1969లో భద్రాచల ప్రాంతమును భూకంపము కుదిపినది. 2024 డిసెంబరు 4న ములుగు వైపు పుట్టిన కంపమునకు మా గోడలును కదలినవి. ఆ యుదయము నేను పిల్లలను బయటికి తీసికొనిపోయి, ఇంటికెదురుగా వీధిలో చాలసేపు నిలుచుంటిని.