పిడికెడు బియ్యం లెక్క

ధ్యాన భాగం: 2 కొరింథీయులకు 8:1–22

తుంగతుర్తి మండలంలో ఒక చిన్న సేవాసంఘం కమిటీలో నేను సభ్యుణ్ణి. జీతం లేదు, భత్యం లేదు. మూడు నెలలకోసారి కూర్చుంటాం. కార్యదర్శి లెక్క చదువుతాడు, మినిట్స్ పుస్తకం అందరి చేతులూ తిరుగుతుంది, సంతకాలు పెట్టి చాయ్ తాగి లేస్తాం. చాలాకాలం నేను చదవకుండానే సంతకం పెట్టాను. ఒకసారి బియ్యం బస్తాల ఖర్చు ఎక్కువగా కనిపించింది. అడగబోయి పక్కనున్న పెద్దాయన వైపు చూశాను. "మనోడే గద తమ్మీ, ఎట్ల అడుగుతం?" అన్నాడు మెల్లగా. నేనూ ఊరుకున్నాను. ఆ రాత్రి ప్రార్థనకు మోకరిస్తే ఆ అంకె కళ్లముందు నుంచి కదల్లేదు.

యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం పౌలు చందా పోగుచేశాడు. మాసిదోనియ సంఘాలు తమ నిరుపేదతనంలోంచే ఇచ్చాయి. ఆ డబ్బును పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. తీతును పంపాడు, సంఘాలు ఏర్పరచుకున్న ఒక సహోదరుణ్ణి పంపాడు, వారితో మరొకణ్ణి కూడా పంపాడు. తన మీద ఎవరూ తప్పు మోపకుండా, దేవుని ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సవ్యంగా ఉండాలని అట్లా చేశాడు. అపొస్తలుడే తన పక్కన సాక్షులను నిలబెట్టుకుంటే, మనం మొహమాటాన్ని ప్రేమ అనుకుంటున్నాం.

మా మండలానికి తూర్పున ఉన్న డోర్నకల్‌లో బిషప్ అజరయ్య 1912 నుంచి 1945లో కన్నుమూసేదాకా అధ్యక్షుడిగా సేవచేశారు. పేదలు తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేర్చుకోవాలని ఆయన పట్టుదల. కూలి చేసుకునే తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం దేవునికని పక్కన పెట్టేవారు. ఆ పిడికెడు పిల్లల కంచాల్లోంచి తగ్గిన పిడికెడే. మా కమిటీ పుస్తకంలోని ప్రతి రూపాయి వెనుకా అట్లాంటి చెయ్యి ఒకటి ఉంది. ఎవరి సొమ్ముకు సంతకం పెడుతున్నానో తలుచుకుంటే కలం ఆగుతుంది.

మాలాంటి సేవాసంఘాన్ని తెలంగాణలో సొసైటీగా రిజిస్టరు చేయాలంటే 2001 నాటి చట్టం కనీసం ఏడుగురు ఉండాలంటుంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలోనూ ఏడుగురే. అక్కడ అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రకు భోజనం అందలేదు, సణుగుడు పుట్టింది. సంఘం దాన్ని అణచిపెట్టలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించింది. హతసాక్షి అని మనం గౌరవించే స్తెఫను పేరు ఆ జాబితాలో మొదటిది. ఎవరికి అన్నం అందింది, ఎవరికి అందలేదు అని చూడటం ఆయనకు సంఘం అప్పగించిన పని. లెక్కల పుస్తకం చూడటం బైబిలు చదవడం కంటే తక్కువ పవిత్రమైన పని అని నాకిప్పుడు అనిపించదు.

తర్వాతి సమావేశంలో ఆ బియ్యం ఖర్చు గురించి అడిగాను. కార్యదర్శి కోపం తెచ్చుకోలేదు. ఓచర్ల కట్ట తెచ్చి నా ముందు పరిచాడు. ఆ నెల బస్తాలు రెండు ఎక్కువ వచ్చాయి, రసీదు ఉంది, తేడా ఏమీ లేదు. కాని అతని గొంతు వణికింది. "అన్నా, ఇన్నేండ్లల్ల ఓచర్లు చూపెట్టమన్నది నువ్వొక్కడివే. ఏం తప్పు జరిగినా నా ఒక్కని మీద పడుతదని రోజూ భయమే ఉండె," అన్నాడు. మేం అడగకపోవడం వల్ల అంత బరువును ఒక్కడే మోశాడు. ఇప్పుడు ప్రతి సమావేశంలో ఇద్దరం కలిసి ఓచర్లు చూస్తున్నాం.

ప్రార్థన: తండ్రీ, పేదవారి పిడికెడు బియ్యాన్ని మా చేతుల్లో పెట్టావు. చదవకుండా పెట్టిన సంతకాలను క్షమించు. అడిగే ధైర్యం, వినే ఓపిక ఇవ్వు. లెక్క మోసేవాణ్ణి ఒంటరిగా వదలకుండా మమ్మల్ని అతని పక్కన కూర్చోబెట్టు. యేసు నామమున వేడుకుంటున్నాం. ఆమేన్.