మత్తడి

ఒక ఊళ్లో చెరువుకు కాపలా కాసే ముసలి నీరడి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, వాన రాత్రుళ్లు లాంతరు పట్టుకుని కట్ట పొడుగునా తిరగడం ఆయన పని. ఆయన మనవడు కరెంటు పని నేర్చుకున్నాడు.

ఆ ఊరి పటేలు కొత్త ఇల్లు కడుతూ వైరింగు ఆ పిల్లవాడికే అప్పజెప్పాడు. లెక్క రాసిచ్చిన కాగితం మీద పటేలు వేలు రెండు వరుసల దగ్గర ఆగింది. ఎర్తింగు గుంత. సర్జ్ ప్రొటెక్టర్.

"గివెందుకురా?"

"పిడుగుల వాన పడ్డప్పుడు తీగెల కరెంటు ఒక్కసారే పొంగుతది పటేలా. ఆ పొంగును భూమిలకు దించేటందుకు."

"స్టెబిలైజరు కొంటున్న. ఎంసీబీలు పెట్టిస్తున్న. ఇంక మట్టిల గుంత తవ్వి ఉప్పు, బొగ్గు పోసుడుకు పైసలియ్యాల్నా?" అని ఆ రెండు వరుసలూ కొట్టేశాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. యాసంగికి ఇంకో నాలుగెకరాలు పారించుకోవాలని పటేలు, ఎక్కువైన నీరు పొర్లిపోయే మత్తడి మీద వరసగా ఇసుక బస్తాలు వేయించాడు. జానెడు నీళ్లు ఎక్కువ నిలిచాయి. నీరడి వద్దని చెప్పి చూశాడు. "కట్ట గట్టిగనే ఉన్నది గద" అన్నాడు పటేలు.

ఒక రాత్రి ఆకాశం విరిగి మీద పడ్డట్టు ఉరిమింది. నీళ్లు కట్ట అంచు తడిపేదాకా వచ్చాయి. ఒక చోట మట్టి పెళ్ల జారడం లాంతరు వెలుగులో చూసిన ముసలాయన మనవణ్ణి లేపుకుని మత్తడి కాడికి పరుగెత్తాడు. నడుములకు తాడు కట్టుకుని ఇద్దరూ మోకాలిలోతు నీళ్లలో నిలబడి, తడిసి రాయిలా అయిన బస్తాల్ని ఒక్కొక్కటిగా గుంజేశారు. నీరు మత్తడి దూకి వాగులోకి పోయింది.

తెల్లారి వస్తుంటే పటేలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి ఇంటి వెనక స్తంభం పక్కన తాటిచెట్టు మీద పిడుగు పడింది. టీవీ బోర్డు నల్లగా మాడింది. ఫ్రిజ్జు, స్టెబిలైజరు, బోరు స్టార్టరు అన్నీ పోయాయి. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ వాసన. మనవడు మెయిన్ బోర్డు తెరిచాడు. ఎంసీబీలన్నీ ఎక్కడివక్కడే 'ఆన్'లో ఉన్నాయి.

"ఇవెందుకు పడలేదురా?"

"ఇవి పడేవరకు సెకనుల నూరో వంతు పడ్తది పటేలా. పిడుగు పొంగు సెకనుల వెయ్యో వంతు గూడ కాకముందే వచ్చి పోతది."

పటేలు నీరడి వైపు తిరిగాడు. "కట్ట నిలిచిందా?"

"నిలిచింది పటేలా. బస్తాలు గుంజేసినం."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పటేలు లేచి లోపలికి పోయి గడ్డపార తెచ్చి, "గుంత ఏడ తవ్వాల్నో చూపించురా" అన్నాడు.

నీతి: పొంగి వచ్చేదాన్ని అడ్డుకట్టతో ఆపలేం, దారి ఇచ్చి పంపాలి. చెరువుకు మత్తడి ఎంత అవసరమో ఇంటి కరెంటుకూ అంతే.

సర్జ్ ప్రొటెక్టర్ అచ్చంగా మత్తడే. లోపల జింక్ ఆక్సైడ్ బిళ్ల ఉంటుంది. మామూలు 230 వోల్టుల దగ్గర అది ఎండిన మత్తడిలా ఊరికే పడి ఉంటుంది. వోల్టేజీ హద్దు దాటగానే రెప్పపాటు కూడా కాదు, సెకనులో కోటో వంతులోపే తెరుచుకుని పొంగును ఎర్తులోకి వదిలేస్తుంది. పిడుగులో మామూలుగా 30 వేల ఆంపియర్లు ఉంటాయి. తీగల వెంట మన ఇంటి దాకా వచ్చేది అందులో కొంతే అయినా, సున్నితమైన బోర్డుల్ని మాడ్చడానికి అది చాలు.

మత్తడి కింద వాగు పూడిపోతే మత్తడి ఉండీ లాభం లేదు. ఎర్తు లేకుండా ఖరీదైన ప్రొటెక్టర్ బిగించిన ఇళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పైపు ఎర్తింగుకు కనీసం రెండున్నర మీటర్ల పైపు దిగాలని మన దేశ ప్రమాణం ఐఎస్ 3043 చెబుతుంది. ప్రొటెక్టరుకు వచ్చీపోయే తీగలు రెండూ కలిపి అర మీటరు దాటకుండా, చుట్టలు చుట్టకుండా, తిన్నగా ఉండాలి. పిడుగు పొంగు వచ్చిన క్షణంలో ఒక్క మీటరు తీగ పెరిగినా వెయ్యి వోల్టుల దాకా అదనంగా ఇంటి సామాను మీద పడుతుంది. డిష్ కేబులు ఆ పొంగు ఇంట్లోకి వచ్చే ఇంకో దారి, దానికీ విడిగా ఒక ప్రొటెక్టర్ ఉండాలి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చే జబ్బు మాత్రం వేరు. అది నిమిషాల తరబడి ఉంటుంది కాబట్టి ఈ బిళ్ల తట్టుకోలేదు. దానికి వోల్టేజీ పెరగగానే సరఫరా కోసేసే పరికరం వేరే పెట్టించుకోవాలి.

ప్రొటెక్టర్ కూడా దెబ్బలు తిని తిని అరుగుతుంది. చాలావాటి మీద చిన్న కిటికీ ఉంటుంది, పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే మార్చాలి. ఉగాది వెళ్లి మొదటి ఉరుము వినపడకముందే ఆ కిటికీలోకి ఒకసారి తొంగి చూడండి. ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోయండి.