డబ్బు వెంట వచ్చే మాట

నాంపల్లి స్టేషన్ రోడ్డులో గోల్డెన్ త్రెషోల్డ్ ముందు నుంచి మీరు ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారో లెక్క ఉండదు. సరోజినీ నాయుడి ఇల్లు. ఆబిడ్స్‌లో చీరల బేరం ముగించుకుని, రెండు చేతులా సంచులతో ఆటో కోసం చూసేటప్పుడు తల తిప్పి చూసే తీరిక ఎవరికుంటుంది గనక! 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆ ఇంట్లోనే మొదలైందని కొందరికి గుర్తుండవచ్చు. ఆవిడ తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను ఒక రైలు విషయంలో రాజ్యంలోంచే వెళ్ళగొట్టారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఎడింబరోలో సైన్సు డాక్టరేటు పుచ్చుకుని వచ్చిన పెద్దమనిషి ఆయన. ఇప్పటి నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాలు. అప్పటికి వాడి నుంచి సికింద్రాబాదుకి రైలు వచ్చి తొమ్మిదేళ్ళయింది. దాన్ని ఇటు బెజవాడ దాకా, అటు చాందా బొగ్గు గనుల దాకా పొడిగించాలనుకున్నారు. డబ్బు లండన్‌లో వాటాలు అమ్మి తెస్తారు, కంపెనీ లండన్‌లోనే ఉంటుంది. రైలు లాభంతో నడిచినా నష్టంతో నడిచినా వాటాదార్లకి నూటికి 5 చొప్పున ముట్టజెప్పే పూచీ మాత్రం నిజాం ఖజానాది. కంపెనీ పేరులోనే 'గ్యారంటీడ్' అన్న మాట చేర్చుకున్నారు! అఘోరనాథ్, ఆయన స్నేహితులు అడిగింది చిన్న సంగతే. ఒప్పందంలో ఏం రాసుకున్నారో జనానికి చెప్పండి, మేం ఆలోచించుకుంటాం అన్నారు. అంతే, 1883లో ఆయన్ని బహిష్కరించారు. తర్వాత రానిచ్చారనుకోండి, అది వేరే సంగతి.

ఇందులో నన్ను ఆలోచనలో పడేసింది ఒకటుంది. ఆయన్ని వెళ్ళగొట్టిన ఉత్తర్వు లండన్ వాటాదార్లది కాదు. హైదరాబాదు ప్రభుత్వానిదే. డబ్బిచ్చేవాడు నోరు విప్పకముందే పుచ్చుకునేవాడు తన ఇంట్లోవాళ్ళ నోరు మూయించాడు.

ఇలాంటివి ఇప్పుడు మరీ పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. సావరిన్ వెల్త్ ఫండ్లని పేపర్లో చదివే ఉంటారు. వ్యాపారం పేజీలో వస్తుంది కనుక మనం తిప్పేస్తాం. నిజానికి అది మనకు తెలియనిదేం కాదు, దేశాల పోపులపెట్టె. చమురు అమ్మగా వచ్చిన డబ్బో, మిగులు డబ్బో ఒక పక్కన పెట్టి, పరదేశాల్లో వాటాలు, భవనాలు, విమానాశ్రయాలు కొంటారు. 1953లో కువైట్ మొదలుపెట్టింది. అబుధాబి, సింగపూరు, సౌదీ అరేబియా, అందరికీ ఉన్నాయి. 56 లక్షల జనాభా ఉన్న నార్వేకి సుమారు 2 లక్షల కోట్ల డాలర్ల నిధి ఉంది. ప్రపంచంలో షేరు బజారుకెక్కిన కంపెనీలన్నిటిలోనూ సగటున నూటికి ఒకటిన్నర వంతు వాళ్ళదే. అసలు ముట్టుకోకుండా ఏటా మూడు శాతం లోపల వాడుకోవాలని నియమం పెట్టుకున్నారు. మన నాయనమ్మలు చెప్పిన పద్ధతే, కాకపోతే నార్వే భాషలో.

ఈ డబ్బు మన గుమ్మంలోకీ వచ్చింది. 2020లో జియోలో సౌదీ నిధి 11,367 కోట్ల రూపాయలు పెట్టింది. అబుధాబి వాళ్ళూ పెట్టారు. మన హైదరాబాదు గ్రీన్‌కోలో సింగపూరు వాళ్ళ జీఐసీ పెట్టుబడి ఉంది. గాలిమరలు తిరుగుతున్నాయి, ఫోన్లు మోగుతున్నాయి, మంచిదేగా అంటారు. మంచిదే. లండన్ డబ్బుతో వేసిన ఆ రైలు కూడా మంచిదే. బెజవాడ వెళ్ళడానికి మనం ఎక్కలేదూ?

మా వైపు బంధువుల్లో ఒకమ్మాయి ఉండేది. తండ్రి గుమాస్తా. మెడికల్ కాలేజీ ఫీజులన్నీ వరసకి తాతయ్య అయ్యే ఒకాయన కట్టాడు. దేవుడిలాంటి మనిషి. ఒక్కనాడు ఇంత ఇచ్చానని అన్న పాపాన పోలేదు. అయితే ఆ పిల్లకి ఏ సంబంధం వచ్చినా తండ్రి, "బాబాయిగారిని ఓ మాట అడగాలమ్మా" అనేవాడు. ఏ ఊళ్ళో హౌస్ సర్జన్సీ చెయ్యాలన్నా "బాబాయిగారేమంటారో" అనేవాడు. ఆయన ఏమీ అనలేదు. అసలు ఆయన్ని అడగనే లేదు. ఆయన ఏమనుకుంటాడోనని వీళ్ళే ఊహించుకుని, ఆ ఊహ ప్రకారం నడుచుకున్నారు. ఆ అమ్మాయి ఇష్టపడిన కుర్రాడు వేరే కులంవాడు. మాట పైకి రాకముందే నలిగిపోయింది. ఆ తాతయ్య పోయాక తెలిసిందేమిటంటే, ఆయన సొంత మనవరాలికి అలాంటి పెళ్ళే దగ్గరుండి చేయించాడట!

ఇక్కడ తప్పెవరిది? ఇచ్చినవాణ్ణి అనడానికి నాకు నోరు రాదు. పుచ్చుకున్న తండ్రిని అనడానికీ మనసొప్పదు. కాని ఆ పిల్ల నష్టపోయిన మాట నిజం. చట్టాలు రాసేవాళ్ళు వెతికేది ఆజ్ఞ కోసం. ఎవరు ఎవరికి ఫోను చేశారు, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు అని చూస్తారు. బాకీపడ్డవాడి గొంతులో అడ్డం పడే మాట ఏ కాగితం మీదా దొరకదు.

2008లో ఈ నిధులవాళ్ళంతా చేరి శాంటియాగో సూత్రాలని 24 నియమాలు రాసుకున్నారు. మేం లాభం కోసమే పెడతాం, రాజకీయం కోసం కాదు అన్నది వాటి సారాంశం. ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకున్నవే, తప్పితే శిక్ష లేదు. 2021లో సౌదీ నిధి ఇంగ్లండులో న్యూకాసిల్ ఫుట్‌బాల్ జట్టులో నూటికి 80 వంతులు కొన్నది. సౌదీ ప్రభుత్వం జట్టు మీద పెత్తనం చెయ్యదని చట్టబద్ధమైన హామీ ఇచ్చారు కూడా. ఆ నిధికి అధ్యక్షుడు సౌదీ యువరాజే. అత్తగారు వంటింట్లోకి రారు, వంటింటి తాళాలు మాత్రం ఆవిడ కొంగునే ఉంటాయన్నట్టుంది!

ఇచ్చేవాడికి మనస్సాక్షి ఉంటే సరిపోతుందా అంటే, దానికీ ఒక చిక్కుంది. నార్వేవాళ్ళు 2004 నుంచి నీతి నియమాలు పెట్టుకుని, 2010లో పొగాకు కంపెనీల్ని వదిలేశారు. మంచిపని. అవే నియమాల ప్రకారం 2025లో అమెరికా కంపెనీ కాటర్‌పిల్లర్ వాటాలు వదులుకున్నారు. పాలస్తీనాలో ఇళ్ళు కూల్చడానికి దాని బుల్‌డోజర్లు వాడుతున్నారని. అమెరికా ప్రభుత్వం బాహాటంగా నొచ్చుకుంది. కొద్ది నెలలకే నార్వే పార్లమెంటు ఆ నియమాల్ని పక్కనబెట్టి, మళ్ళీ ఆలోచిద్దామంది. చూశారా, డబ్బు పెట్టినవాడికీ భయమే. అంత డబ్బు ఎదుటివాడి ఇంట్లో ఉన్నప్పుడు ఎవరు ఎవరికి లొంగి ఉన్నట్టు?

మన ఊరికి ఇందులోనూ అనుభవం ఉంది. అఘోరనాథ్ నాటిది వచ్చిన డబ్బు కథ. ఇక పోయిన డబ్బు కథ ఒకటుంది. 1948 సెప్టెంబరులో, భారత సైన్యం హైదరాబాదులో అడుగుపెట్టిన రోజుల్లోనే, లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వ ఖాతాలోంచి 10 లక్షల 7 వేల 940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహింతుల్లా పేరుకి మారాయి. ఆబిడ్స్ పక్కనే కింగ్ కోఠీలో ఉన్న నిజాం, నా అనుమతి లేకుండా చేశారు, వెనక్కివ్వండి అన్నాడు. పాకిస్తాన్ ఇవ్వనంది. వేరే దేశపు ప్రభుత్వాన్ని మా కోర్టుకి ఈడ్చలేమని 1957లో ఇంగ్లండు ప్రభువుల సభ తేల్చింది. దాంతో ఆ డబ్బు బ్యాంకులోనే ఉండిపోయి, వడ్డీ మీద వడ్డీ పెరిగింది. 1967లో నిజాం పోయాడు. 2013లో పాకిస్తానే మళ్ళీ కోర్టుకెక్కింది. ఆయుధాలు పంపినందుకు మాకు రావలసిన బాకీ అని కూడా వాదించింది. చివరికి 2019 అక్టోబరు 2న లండన్ కోర్టు ఆ డబ్బు పాకిస్తాన్‌ది కాదంది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది.

ఒక చిన్న రాజ్యం తన డబ్బుని ఆపదలో పరాయి దేశం చేతికి ఎందుకు అందించింది? అండ కొనుక్కోవడానికా, దాచుకోవడానికా? కోర్టు ఆ సంగతి వందల పేరాల్లో చర్చించింది. నా కుతూహలం మాత్రం ఖాతా పేరు దగ్గర ఆగిపోయింది. 'నిజాం ప్రభుత్వం.' నిజాంకి సొంత ఖర్చుల కోసం సర్ఫె ఖాస్ అని వేరే జాగీరు ఉండేది. ప్రభుత్వ ఖజానా వేరు. దాంట్లోకి చేరేది రైతు కట్టిన శిస్తు. నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో జనం ఎదురు తిరిగి పోరాడుతున్న రోజులవి.

తీర్పు భారత ప్రభుత్వానికీ, నిజాం మనవలిద్దరికీ అనుకూలంగా వచ్చింది. ముందే వాళ్ళలో వాళ్ళు ఒప్పందం చేసుకున్నారు. ఎవరికెంతో బయటికి చెప్పలేదు.