ప్రయత్నం ఎవరిది?

పక్షవాతం గురించి ఈ రోజుల్లో ఎవరు ప్రసంగించినా పేద్రో బాక్ ఇ రీటా పేరు ఎత్తకుండా ముగించరు. ఆయన న్యూయార్క్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన కాటలాన్ కవి, పండితుడు. 65 ఏళ్ల వయసులో స్ట్రోక్ వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. కొన్నాళ్లు చికిత్స చేసి, ఇంతకు మించి లాభం లేదన్నారు. మెక్సికోలో వైద్యం చదువుతున్న కొడుకు జార్జ్ ఆయన్ని ఇంటికి తీసుకుపోయాడు. నడక సంగతి తర్వాత చూద్దాం, ముందు పాకమన్నాడు. తండ్రి గోడకు భుజం ఆనించి పసిపిల్లాడిలా పాకాడు. పెద్దమనిషిని పట్టుకుని కుక్కలా నేల మీద పాకిస్తాడేమిటని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. గిన్నెలు తోమడం కూడా కసరత్తే అయింది. ఏడాది తిరిగేసరికి పేద్రో మళ్లీ క్లాసులో పాఠం చెబుతున్నాడు. 1965లో కొలంబియాలో కొండ ఎక్కుతూ గుండెపోటుతో పోయాడు. శవపరీక్షలో మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నరాలు 97 శాతం నాశనమై కనిపించాయి. స్ట్రోక్ నాటి దెబ్బ మానలేదు, మనిషి మాత్రం కొండలెక్కాడు.

కథ నిజమే. అయినా అది వేదిక మీద వినిపించిన ప్రతిసారీ ఈ వ్యాసకర్తకు లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. ప్రయత్నిస్తే మెదడు మారుతుందన్నది సత్యమైతే, మారని మనిషి ప్రయత్నించలేదనే కదా లోకం అనుకునేది?

వెనకటికి కాలూ చెయ్యీ పడిపోతే తలరాత అనేవారు. శాస్త్రం కూడా తన భాషలో దాదాపు అదే అంది. పెద్దవాళ్ల మెదడులో నాడీ మార్గాలు స్థిరమైనవి, చచ్చినవి తిరిగి పుట్టవు అని నాడీ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ తీర్పు చెప్పాడు. ఈ కఠినమైన శాసనాన్ని మార్చడం రాబోయే శాస్త్రం పని అని కూడా ఆయనే అన్నాడు గాని ఆ రెండో మాట చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఇప్పుడా శాసనం చెల్లదు. మంచిదే. కాని పాత నమ్మకంలో రోగికి ఒక నీడ ఉండేది. పూర్వజన్మ పాపమన్నారే తప్ప, ఈ జన్మలో పొద్దున్న కసరత్తు ఎగ్గొట్టావని ఎవరూ అనలేదు.

ఇప్పుడు అంటున్నారు. ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో, మోకాలి నొప్పితో తన వంతు కోసం కూర్చున్న ఈ వ్యాసకర్త చెవులారా విన్నాడు. బల్ల మీద ప్లాస్టిక్ గ్లాసు. దాని ముందు ఒక పెద్దాయన, పంచె పైకి దోపుకుని, కుడిచెయ్యి బల్ల మీద పరిచి కూర్చున్నాడు. పక్కన కొడుకు, ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చిన వాలకం, నిద్ర లేని కళ్లు.

"పట్టు నాన్నా. గట్టిగా పట్టు."

వేళ్లు కదల్లేదు. భుజం మాత్రం పైకి లేచింది.

"నువ్వసలు మనసు పెట్టట్లేదు."

"పెడతానే ఉన్నాన్రా. మనసే అక్కడిదాకా పోవట్లా."

కొడుకు ఫోన్ తీసి వీడియో పెట్టాడు. ఎవరో మనిషి, మూడు నెలల్లో కర్ర లేకుండా నడుస్తున్నాడట. "ఈయనది నీకంటే పెద్ద స్ట్రోక్. చూడు." పెద్దాయన చివరిదాకా మర్యాదగా చూశాడు. "బాగా నడుస్తున్నాడు పాపం," అన్నాడు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి గ్లాసు తీసి పక్కన పెడుతూ, "ఇవాళ్టికి చాలన్నా, అలిసిపోయారు," అంది. అన్నది కొడుకునుద్దేశించే. కొడుకుది కోపమా అంటే కాదు. అతన్ని ఎవరో నమ్మించారు: తండ్రిలో ఎక్కడో ఒక మీట ఉంది, దాన్ని తండ్రి నొక్కడం లేదు అని.

మనసే అక్కడిదాకా పోవడం లేదన్న మాట సాకులా వినిపిస్తుంది. మెదడు నిర్మాణం మీద జీవితమంతా పనిచేసిన ఒక శాస్త్రవేత్తా దాదాపు అదే చెప్పాడని తెలిస్తే అలా వినిపించదు. నార్వేకు చెందిన ఆల్ఫ్ బ్రోడల్‌కు 1972లో స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మరుసటి ఏడు 'బ్రెయిన్' అనే పత్రికలో తన అనుభవాన్నే ఒక పరిశోధనా పత్రంగా రాశాడు. పడిపోయిన కండరాన్ని కదిలించాలంటే విపరీతమైన శ్రమ పడాల్సి వచ్చేదట. ఆ శ్రమ కండరంలో కాదు, మనసులోనే తెలిసేదట. దశాబ్దాలుగా చూడకుండా కట్టుకున్న బో టై కట్టబోతే, తర్వాతి ముడి ఏమిటో వేళ్లకు తెలియకుండా పోయింది. దెబ్బ తగలని కుడిచేతి రాత కూడా పాడైంది.

బండి దిగబడితే తోలేవాడు కిందికి దిగి భుజం పెట్టి తోస్తాడు. ఇక్కడ దెబ్బ తిన్నది తోలేవాడే. గ్లాసు పట్టుకోవాలన్న కోరికా, పట్టుకునే చెయ్యీ రెండూ ఆ మెదడు నడిపించేవే. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏ పని మీదా పూనిక పుట్టని స్థితి వస్తుంది. బయటనుంచి చూసేవారికి అది బద్ధకంలాగే ఉంటుంది.

వ్యాసకర్త వాదన ఇక్కడితో ఆగి ఉంటే హాయిగా ఉండేది. కాని పరిశోధకుడు ఎడ్వర్డ్ టౌబ్ అడ్డొస్తాడు. టౌబ్ కోతుల చేతికి స్పర్శ తెలిపే నరాలను కోసేశాడు. కోతి ఆ చేతిని వాడటం మానేసింది. బాగున్న చేతిని కట్టేస్తే, పనికిరాదనుకున్న చేత్తోనే తిండి అందుకుంది. చెయ్యి పూర్తిగా పోలేదు, వాడకపోవడాన్ని కోతి నేర్చుకుందన్నది ఆయన నిర్ధారణ. దాన్నుంచి పుట్టిన చికిత్సలో రోగి బాగున్న చేతికి తొడుగు వేసుకుని, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం అలాగే ఉంటాడు. 222 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు వారాల ఈ సాధన ఇచ్చిన మెరుగు ఏడాది తర్వాతా నిలిచింది. అంటే వాడకం లెక్కలోకి వస్తుంది. ఫోన్ చూపించిన కొడుకు పూర్తిగా పొరపాటు పడలేదు.

అయితే ఆ అధ్యయనంలో చేరాలంటే మణికట్టు కనీసం 10 డిగ్రీలు పైకి లేవాలి, కొన్ని వేళ్లు కాస్తయినా చాపగలగాలి. అది కూడా లేనివాడు గుమ్మంలోనే ఆగిపోతాడు.

పోనీ, ఎంత ఎక్కువ చేస్తే అంత ఫలమా? క్యాథరిన్ లాంగ్ బృందం, స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 85 మందిలో కొందరితో 3200 సార్లు, కొందరితో 6400, కొందరితో 9600 సార్లు చేతి పనులు చేయించింది. 2016లో వచ్చిన ఫలితం: మూడింతలు చేసినవారికి మూడింతలు కాదు కదా, చెప్పుకోదగ్గ తేడాయే లేదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో ఒక పరీక్ష జరిగింది. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గర వాళ్లే సాధన చేయించాలి. ఆరు నెలలకు చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి శిక్షణ ఉన్న గుంపులో 47 శాతం, లేని గుంపులో 47 శాతం. 2017లో 'లాన్సెట్'లో ఈ లెక్క వచ్చినప్పుడు కనీసం మన తెలుగు ఇళ్లలోనైనా దీన్ని గురించి మాట్లాడుకోవలసింది. మాట్లాడుకోలేదు. పేద్రో కథ చెప్పినంత తేలికగా ఈ కథ చెప్పలేం.

పైగా మెదడు మారుతుందన్న మాట మీదే ఇప్పుడు తగువు నడుస్తోంది. నాడీ శాస్త్రవేత్తలు తమార్ మేకిన్, జాన్ క్రాకవర్ 2023లో రాసిన వ్యాసం ప్రకారం, ఒక భాగం చస్తే ఇంకో భాగం కొత్త ఉద్యోగంలో చేరినట్టు దాని పని అందుకోదు. ముందునుంచీ ఉన్న సామర్థ్యమే సాధనతో బలపడుతుంది. ఇది నిజమైతే పేద్రోను కొండెక్కించినది ఆయన పట్టుదలా, దెబ్బ తినకుండా మిగిలిన ఆ 3 శాతమా? రెండూ అనడం సులువు. కాని ఆ 3 శాతం మిగలడంలో ఆయన గొప్ప ఏమీ లేదు. పట్టుదల కూడా మెదడు పెట్టే భిక్షేనని బ్రోడల్ అనుభవం నుంచి నేర్చుకున్నాక, అందులో మాత్రం ఆయన గొప్ప ఎంత?

చిక్కు ఇక్కడే ఉంది. గ్లాసు పట్టుకోలేని తండ్రికి నింద తగదంటే, కొండెక్కిన తండ్రికి మెప్పూ తగదనాలి. తర్కం అదే చెబుతుంది. వ్యాసకర్త ఆ మాట అనలేకపోతున్నాడు. ముక్కున వేలేసుకున్న వీధిలో పాకిన మనిషిని మెచ్చుకోకుండా ఉండటం అతనివల్ల కాదు. అందుకని మెప్పు ఉంచుకుని నింద వదిలేశాడు. ఇది పక్షపాతమేనని తెలుసు, సమర్థించుకునే దారీ లేదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడిప్పుడే తట్టింది. ఇన్నాళ్లూ పేద్రోను మెచ్చుకున్నది ఆయన క్లాసుకు తిరిగి వెళ్లాడనే. ఆ ఏడాదంతా పాకి, ఎక్కడా లేవలేకపోయి ఉంటే ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు; పడిన శ్రమ మాత్రం అంతే ఉండేది. చేతి పనులు 9600 అని లెక్కపెట్టవచ్చు, మణికట్టు 10 డిగ్రీలని కొలవవచ్చు. వేలు కదలనప్పుడు లోపల ఎంత శ్రమ జరిగిందో తెలియాలంటే మాత్రం, ఇప్పటికీ బ్రోడల్ మాట విన్నట్టే ఆ మనిషినే అడిగి, ఆయన చెప్పింది నమ్మాలి.