బొంత కుట్టిందెవరు? దాత ఎవరు?

దానం అనే మాట మా వాడకు ఎప్పుడొచ్చినా పుచ్చుకునే చేతులను వెతుక్కుంటూనే వచ్చింది. ఇచ్చే చెయ్యి మాకూ ఉన్నదని ఎవరూ అనుకోలేదు. మేం ఇచ్చినదానికి వేరే పేరుండేది. వెట్టి. మా ముత్తాత దొర గడీకి చెప్పులు కుట్టిచ్చిండు, మోటకు తొండాలు కుట్టిచ్చిండు. పైసా పుట్టలేదు. దాన్ని దానమని ఎవరన్నా అన్నారా? అనలేదు. అనడానికి వీల్లేదు కూడా. 'ఇయ్యను' అనే హక్కు ఆయనకు లేదు. ఇయ్యనని చెప్పగలిగినవాడు ఇస్తేనే అది దానమైతది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అయితే వెట్టి కొత్త బట్టలేసుకొని, చిరునవ్వుతో, మంచి పని పేరు చెప్పుకొని వస్తే దాన్ని గుర్తుపట్టేదెట్లా?

ఈ ప్రశ్న నాకు ఒక బొంత దగ్గర మొదలైంది. నేను సర్కారు బడి పంతుల్ని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. కొన్నేండ్ల కింద మేముండే పట్నంలో కొందరు పెద్దమనుషులు అనాథ పిల్లల హాస్టల్ కోసం వేలంపాట పెట్టిన్రు. చేతితో చేసిన వస్తువులు ఉచితంగా ఇమ్మని బడులకు కబురు పంపిన్రు. ఇంట్లో చెప్తే మా అవ్వ తనంతట తనే ఒక బొంత తీసిచ్చింది. "తల్లిలేని పిల్లలకైతే ఇస్తర" అన్నది.

బొంత ఊరికే కాదు. పాత నూలు చీరలు, ధోవతులు ఉతికి ఆరేసి, పొర మీద పొర పరిచి, ముడతల్లేకుండా సాపు చేసి, అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా దబ్బనంతో కుట్టాలె. పొద్దంతా కూలికి పోయొచ్చిన మనిషి రాత్రి బుగ్గ కింద కూచొని కుట్టాలె. చచ్చిపోయిన మా నాయినమ్మ చీర ఆ బొంత పొరల్లో ఉన్నది. మా చెల్లెను ఎత్తుకు మోసిన చీర ఉన్నది. రోజుకు నాలుగు గంటల చొప్పున అవ్వకు నెల పట్టింది.

వేలంలో దాన్ని 'పల్లె కళ' అన్నరు. ఒక వ్యాపారి నాలుగు వేలకు పాడిండు. ఆయనకు శాలువా కప్పి, మైకుల దాత అని పేరు చదివిన్రు. కుట్టిన మనిషి పేరు ఎవరూ చదవలేదు. అవ్వ ఇంటికొచ్చినంక అడిగింది: "ఆయన పైసలిచ్చిండు, బొంత తీస్కపోయిండు. అది కొన్నట్టు గదరా? మరి దానం జేసిందెవరు?"

వస్తువు ఖరీదు కంటే ఎక్కువ ఇస్తే, ఆ ఎక్కువను దానమనొచ్చు. ఒప్పుకుంటా. మరి ఖరీదు కట్టి చూద్దాం. రోజుకు నాలుగు గంటలు, నెల రోజులు. అంటే పదిహేను దినాల పూర్తి కూలి. దినానికి మూడు వందలేసుకున్నా నాలుగున్నర వేలు. నాయినమ్మ చీరకు ధర కట్టనే లేదు. వ్యాపారికి బొంత చౌకగా దొరికింది. పైన శాలువా, పేరు. పిల్లలకు చేరిన నాలుగు వేలూ అవ్వ రెక్కల కష్టమే.

ఇదే వేలం ఇంకో తీరుగా జరిగిన చోటున్నది. అమెరికాలో అలబామా రాష్ట్రం, విల్కాక్స్ కౌంటీ. గీస్ బెండ్ ఊరు అక్కడే ఉన్నది. పత్తి తోటల్లో బానిసలుగా బతికిన నల్లవాళ్ల వారసులు వాళ్లు. అక్కడి ఆడవాళ్లు పాత పని బట్టలతో మన బొంతల్లాంటి క్విల్టులు కుడతరు. ఓటు కోసం కదులుతున్న రోజుల్లో, 1962లో, వాళ్లు ఏరు దాటి పట్నం పోయే పడవను బంద్ చేసిన్రు. అది మళ్లీ నడిచింది 2006లోనే. 1965లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే పాస్టర్ ఆ కౌంటీలో దండెం మీది క్విల్టులు చూసిండు. ఉచితంగా ఇమ్మనలేదు. ఒక్కోదానికి పది డాలర్లు ముందే ఇచ్చిండు. 1966లో న్యూయార్కులో వేలం వేస్తే వచ్చిన పైసలు కుట్టినవాళ్లకే మళ్లినయి. ఆ ఏడే 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పుట్టింది. తర్వాత అంతా సాఫుగా ఏం జరగలేదు. 2002 నుంచి గీస్ బెండ్ క్విల్టులు పెద్ద మ్యూజియంలకెక్కినయి. 2007లో కుట్టిన కొందరు ఆడవాళ్లు తమకు రావల్సింది రాలేదని కోర్టుకెక్కిన్రు. పేరొచ్చినంత మాత్రాన లెక్క తేలదు.

మన విద్యార్థి మిత్రులు కొందరంటరు, "మన శ్రమను దానమెందుకియ్యాలె? అమ్ముకుందాం" అని. సగమే ఒప్పుకుంటా. అమ్ముకునే హక్కు కావాలె, నిజమే. కానీ ఇచ్చే హక్కు కూడా మనిషి హక్కే. పేదవాడు ఎప్పటికీ పుచ్చుకునేవాడే అనేది మనువాదం చెప్పిన మాట. తల్లిలేని పిల్లల కోసం మా అవ్వ మనసు కదిలితే ఆ కదలికను కాదనే అధికారం నాకు లేదు, ఉద్యమానికీ లేదు. అయితే ఆ ఇచ్చుడును ఇంకొకడు తన పేర రాసుకోవద్దు.

అందుకే ఈ పుస్తకం చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెప్తున్న. మంచి పని పేరుతో ఎవరన్నా మన వాడ ఆడవాళ్ల చేతిపని అడగవస్తే నాలుగు సంగతులు తేల్చుకోండి. ఇయ్యనంటే ఊరుకుంటరా? వస్తువుతో పాటు కుట్టిన మనిషి పేరు చదువుతరా? పట్టిన దినాల కూలిని ఆమె విరాళంగా లెక్క రాస్తరా? పైసలు ఎక్కడ ఖర్చయినయో ఆమెకు చెప్తరా? నాలుగింటికీ అవునంటే సంతోషంగా ఇయ్యండి. ఒక్కదానికైనా నీళ్లు నమిలితే, అది వెట్టే. ఆ బొంతను మడిచి మన పిల్లలకే కప్పండి.