వాసన – స్మృతి

'వాసన' యను శబ్దమునకు రెండర్థములు గలవు. ముక్కునకు తెలియు పరిమళ మొకటి. పూర్వానుభవమువలన చిత్తమునందు నిలిచిపోయిన సంస్కారము రెండవది. పూలు చుట్టిన వస్త్రము, ఆ పూలను తీసివేసిన పిదపను పరిమళించుచునే యుండును. అట్లే అనుభవము గడచిపోయినను దాని జాడ మనస్సును విడువదు. సంస్కారమాత్రమువలన పుట్టు జ్ఞానమే స్మృతి యని తార్కికులు నిర్వచించిరి. గౌతమమహర్షి న్యాయసూత్రములయందు స్మృతిని మేల్కొలుపు హేతువులను ఇరువదికి పైగా లెక్కించి, సాదృశ్యమును, సంబంధమును, వియోగమును, సుఖదుఃఖములను అందు చేర్చెను.

నెల్లూరు సీమ తీరవాసులు దీనికి దృష్టాంతమును దూరమున వెదకనక్కరలేదు. ఈ సీమలో వానలు ఆశ్వయుజ కార్తికములయందే మెండు. ఎండకు కాగిన ఇసుకనేలపై తొలిచినుకు పడి మట్టివాసన లేచినంతనే, పెరటిలోని పిడకలు తడిసిపోవునని కొంగు నెత్తిన వేసికొని పరుగెత్తిన అవ్వ కన్నులయెదుట నిలుచును. మొలగొలుకుల బియ్యపు గంజి వార్చునప్పటి ఆవిరి తగిలిన, విస్తరిముందు కూర్చుండబెట్టి కలిపి ముద్దలు పెట్టిన తల్లి చేయి గుర్తునకు వచ్చును. సరుగుడు తోపులోని గాలిహోరు విన్నను, మైపాడు తీరమున కెరటము వెనుకకు మరలునప్పుడు పాదముల క్రిందినుండి ఇసుక జారినను, కార్తికపూర్ణిమనాడు సముద్రస్నానమునకు వచ్చి తండ్రి వ్రేలు గట్టిగా పట్టుకొన్న బాల్యము మేల్కొనును. పొట్టకూటికై దూరదేశములకు పోయినవారికి ఈ స్మృతి మరింత తీవ్రము. ఘ్రాణేంద్రియపు నాడులు మెదడునందలి స్మృతిస్థానములను తక్కిన ఇంద్రియములకంటె దగ్గరి దారిని చేరునని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు.

ఇట్లు తల్లిదండ్రులను తలచుకొని కంట తడిపెట్టుట మోహమా, కాదా యని కొందరు భక్తులు సందేహింతురు. శ్రీమద్రామాయణమే దీనికి సమాధానము చెప్పుచున్నది. లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు సీతమ్మవారి చూడామణిని శ్రీరాముని చేతిలో నుంచెను. ఆ మణిని హృదయమునకు హత్తుకొని స్వామి కన్నీరు విడిచెను. దూడను చూచిన ఆవు పొదుగు చేపునట్లు, ఈ మణిని చూచి తన హృదయము ద్రవించుచున్నదనెను. అంతమాత్రమే కాదు, దీనిని చూడగా తన తండ్రిని, మామగారైన జనకమహారాజును చూచినట్లే యున్నదనియు పలికెను. ఒక చిన్న మణిలో రెండు కుటుంబములు ఆయనకు దర్శనమిచ్చెను. ధర్మమూర్తియైన రామచంద్రుడే ఇట్లు తలచినప్పుడు, గృహస్థులు తలచుట దోషమెట్లగును? స్మృతి దోషము కాదు. అది దేనివైపు నడపుచున్నదో చూచుకొనవలయును.

మన పెద్దలు ఈ రహస్యమును ఎరిగియే ఆలయారాధనమును ఏర్పరచిరి. పెన్నయొడ్డున తల్పగిరి రంగనాథస్వామి సన్నిధికి తల్లి చంకనెక్కి వచ్చిన శిశువునకు వేదాంతము తెలియదు. కాని హారతివెలుగు కన్నులకు, ఘంటానాదము చెవులకు, తులసీ పచ్చకర్పూరముల పరిమళము ముక్కునకు, తీర్థము నాలుకకు, శఠారి స్పర్శ శిరస్సునకు అందుచునే యున్నవి. ధనుర్మాసపు చలివేకువలో మిరియములు, నేయి కలిసిన పొంగలి వాసన ఏబది యేండ్ల పిదప ఎచ్చట సోకినను, తల్లియు గుర్తునకు వచ్చును, ఆ తల్లి చూపిన స్వామియు గుర్తునకు వచ్చును. ఆ రెండు స్మృతులు పాలునీరువలె కలిసిపోవును. గాలి పూవులనుండి గంధమును గొనిపోవునట్లు జీవుడు దేహమును వీడునప్పుడు ఇంద్రియములను వెంటగొనిపోవునని గీత పదునైదవ అధ్యాయమున భగవానుడు చెప్పెను. స్మృతియు, జ్ఞానమును, మరపును తనవలననే కలుగునని ఆ అధ్యాయముననే తెలిపెను.

మరపును ఆయనవలననే యన్న ఈ మాట నేడు అనేక గృహములకు అవసరము. వార్ధక్యమున మతిమరపు వ్యాధి సోకిన తల్లి, కన్నకొడుకునే "ఎవరు నాయనా నీవు?" అని అడుగును. ఆ దుఃఖమునకు తోడు మరియొక భయము కలుగును. అంత్యకాలమున దేనిని స్మరించునో జీవుడు దానినే పొందునని గీత యెనిమిదవ అధ్యాయమున వినియున్నాము గదా! జీవితమంతయు హరినామము పలికి, తుదకు ఆ నామమునే మరచిన ఈ తల్లికి గతి యేమి?

ఈ భయమునకు వరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాటయే ఔషధము. దానిని మన ఆచార్యులు మూడు చరమశ్లోకములలో ఒకటిగా భావించిరి. మనస్సు స్వస్థముగను, శరీరము దృఢముగను ఉన్ననాడు తన్ను తలచిన భక్తుడు, తుదిదినములలో కట్టెవలె, రాతివలె పడియుండి తలపలేకపోయినచో, తానే వానిని తలచి పరమపదమునకు కొనిపోవుదునని స్వామి ప్రతిజ్ఞ చేసెను. కావున ఆ తల్లి మరచినది; ఆమె ఏనాడో తలచిన స్వామి మరువలేదు.

ఇక బిడ్డల కర్తవ్యము మిగిలినది. అట్టివారిని "నేనెవరో చెప్పుము" అని పదేపదే పరీక్షింపరాదు. ఈ వ్యాధిలో నిన్నటి సంగతులు ముందుగా చెరగి, చిన్ననాటివి చాలకాలము నిలుచునని వైద్యులు చెప్పుదురు. ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని, ఆమె బాల్యమున నేర్చిన పాశురమునో కీర్తననో మెల్లగా పాడవలయును. ఒక్కొక్కప్పుడు ఆ పెదవులు కదలును. కదలకున్నను పాట వ్యర్థము కాదు; ప్రక్కన ఆడుకొను మనుమరాలి చెవిలో అది పడుచున్నది. రేపటి ఆమె స్మృతికి అదియే విత్తనము.

తలచువారిని, తలపలేనివారిని సమముగా తలచు శ్రీరంగనాథుడు మన యిండ్లలోని వృద్ధులను, శిశువులను కాపాడుగాక!