‘లేదు’ అని రాసే ముందు

రెండేళ్ల క్రితం వేసవిలో, జంతుశాస్త్రం చదివిన నా స్నేహితురాలు కనిగిరి వచ్చింది. పాలేట్లో అరుదైపోతున్న నాటు చేపలు ఎక్కడెక్కడ మిగిలాయో చూడాలని. మా ఊరు కాబట్టి నేనూ వెంట వెళ్లాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు పట్టిక నింపే పని అప్పగించింది. మడుగు పేరు, వేసిన వల, పడిన చేప. పడకపోతే సున్నా.

మా వైపు ఏర్లు వానలకు పారేవి. ఎండల్లో అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో విసురువల వేయించాం. పరిగెలు పడ్డాయి, జెల్లలు పడ్డాయి. కొర్రమేను, మట్టగిడస గడుల్లో వరుసగా సున్నాలు పెట్టుకుంటూ పోయాను.

గట్టున గొడ్లు మేపుతున్న ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, “ఎండాకాలమొచ్చి చేపలేవంటే యాడ జూపియ్యాలమ్మా? బురదకింద పండుకోనుంటాయి. వాన పడినాక రాండి” అంది. నాకు నవ్వొచ్చింది. నా స్నేహితురాలు నవ్వలేదు. ఆ రెండూ నేరుగా గాలి పీల్చగల చేపలు, మడుగు ఎండితే తడిబురదలోకి దూరి వాన కోసం కాచుకుంటాయని చెప్పింది. ఒక లెక్క కూడా చెప్పింది. ఉన్న చేప ఒకసారి వెతికితే కనబడే అవకాశం నూటికి 40 అనుకుందాం. మూడుసార్లు వెతికినా కనబడకుండా పోయే అవకాశం నూటికి 22 దాకా ఉంటుంది. అంటే ఆ సున్నాలో చేప సంగతి ఎంతుందో వెతికిన మన సంగతీ అంతే ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా సిద్ధాంతగ్రంథంలో నేనూ ఇలాంటి సున్నా ఒకటి పెట్టాను. 1960కి ముందు మా ప్రాంతం నుంచి రచయిత్రులు లేరని ఒక్క వాక్యంలో తేల్చేశాను. నేను వేసిన వల అచ్చయిన పత్రికలు, గ్రంథాలయాల కేటలాగులు. మంగళహారతులు కట్టి నోటుపుస్తకంలో రాసుకున్న మా నాయనమ్మ ఆ వలకి పడలేదు. ఆమె పెట్టె మా ఇంట్లోనే ఉంది. భండారు అచ్చమాంబ 1902లోనే ‘ధనత్రయోదశి’ రాసినా, తొలి తెలుగు కథంటే 1910 నాటి ‘దిద్దుబాటు’ అనే చదువుకున్నామని సభల్లో కోప్పడిన మనిషిని నేను.

సున్నా ఊరికే ఉండదు. చేపలు లేవని రాసిన చోట ఇసుక తవ్వకానికి అడ్డు చెప్పే కారణం ఒకటి తగ్గిపోతుంది. రచయిత్రులు లేరన్న చోట నా తర్వాత వచ్చే అమ్మాయి వెతకనే వెతకదు.

అలాగని ‘ఎక్కడో ఉండే ఉంటాయిలే’ అనుకోవడమూ నిజాయితీ కాదు. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో తెలుగు పేర్లు నమోదు చేశాడు. మన వాలుగ శాస్త్రంలో ‘వాల్లగో’ అయింది. ఆ పేరు ప్రపంచమంతా తిరుగుతోంది. చేప మాత్రం ఇవాళ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు జాబితాలో ఉంది. నిజంగా పోతున్నదాన్ని బురదకింద ఉందిలే అని ఊరడించుకుంటే, కాపాడుకునే సమయమూ పోతుంది, ఏడ్చే హక్కూ పోతుంది. మన పాటలూ ఇంతే. కొన్ని పెట్టెల్లో ఉన్నాయి. కొన్ని, పాడినవాళ్లతోనే పోయాయి. రెంటినీ ఒకే మాటతో చెప్పలేం.

మరి ఏం రాయాలి? మర్నాడు పట్టికలో ఇంకొన్ని గడులు గీశాం. ఏ నెలలో వెతికాం, ఏ వలతో, ఎన్నిసార్లు, ఎవరిని అడిగాం. ‘లేదు’ అన్న చోట ‘ఇంతవరకు వెతికితే కనబడలేదు’ అని రాశాం. మాట పొడవైంది, నిజమే. కానీ అందులో మా అజ్ఞానానికీ కాస్త చోటు దొరికింది. పెద్దావిడ పేరు అడిగితే, “నా పేరెందుకమ్మా, చేపల పేర్లు రాసుకోండి” అంది. బతిమాలి రాసుకున్నాం. వానలు పడ్డాక మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లాం.

నా గ్రంథం మాత్రం ఆ వాక్యంతోనే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. ఎవరైనా తీసి చదివితే, నేను నా ఇంట్లో పెట్టె కూడా తెరవకుండా రాశానని తెలుసుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను.